అనంతపురమా, కర్నూలా? రెండు మెడికల్ కాలేజీల మధ్య ఎంపిక ఎందుకంత చిక్కు

ఎంబీబీఎస్ కౌన్సెలింగ్ రోజుల్లో ఒక రాత్రి అనంతపురంలో మా అక్క వాళ్లింట్లో ఎవరికీ నిద్ర లేదు. మేనకోడలు ల్యాప్‌టాప్ ముందు, మా బావ ఆమె వెనక కుర్చీలో, జేజి వసారాలో మంచం మీద. వెబ్ ఆప్షన్లకు, అంటే కావలసిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరసగా పెట్టడానికి, గడువు మర్నాడు సాయంత్రంతో సరి. లిస్టు పెద్దదే గానీ పేచీ అంతా పై రెండు వరసల్లోనే: అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ, కర్నూలు మెడికల్ కాలేజీ. పాప కర్నూలును పైకి జరుపుతుంది. బావ "ఆగు పాపా, ఇంకోసారి ఆలోచిద్దాం" అంటాడు. మళ్లీ అనంతపురం పైకెక్కుతుంది.

ఈలోగా ఫోను మోగుతూనే ఉంది. కర్నూల్లో చదువుకుని ఇప్పుడు సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న వాళ్ల చిన్నాయన "పేషెంట్లను చూడాలంటే కర్నూలే, రెండో మాట లేదు" అన్నాడు. బావ స్నేహితుడు, ఆయన లెక్చరర్, "డిగ్రీ ఇచ్చేది ఒకే యూనివర్సిటీ గదప్పా, ఇంటి కూడు వదులుకుని హాస్టల్‌కు ఎందుకు?" అన్నాడు. ఇంకొకాయన పీజీ గురించి, మరొకాయన లోకల్ కోటా గురించి. వింటుంటే అందరూ నిజమే చెబుతున్నారనిపించింది. తిరకాసు కూడా అక్కడే ఉంది. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతూ, అందరూ ఒకే ప్రశ్నకు చెబుతున్నామనుకుంటున్నారు. "ఏ కాలేజీ మంచిది" అన్న ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు ప్రశ్నలు చుట్టుకుని ఉన్నాయి. వాటిని విడదీసి చూద్దాం.

రెండు కాలేజీలకూ ఉమ్మడిగా ఉన్నదేమిటి

ముందు తేడా లేని సంగతులు. రాష్ట్రంలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీలన్నీ విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీకి అనుబంధం. 1986లో పెట్టిన ఈ యూనివర్సిటీ పేరు 2022లో వైఎస్సార్ పేరుగా మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. ఆ మధ్యలో పాసైన వాళ్ల సర్టిఫికెట్లు చూసి కంగారు పడే పెళ్లివారు కూడా ఉన్నారు, అది వేరే కథ. అనంతపురంలో చదివినా కర్నూలులో చదివినా పరీక్ష పేపరు ఒకటే, పరీక్ష తేదీ ఒకటే, డిగ్రీ మీద యూనివర్సిటీ పేరూ ఒకటే. డాక్టరుగా రిజిస్టర్ అయ్యేటప్పుడు ఏ కాలేజీ అన్నదాన్ని బట్టి ఎక్కువ తక్కువలు ఉండవు.

చదువు నడిచే తీరు కూడా ఒకటే. 2020 సెప్టెంబరులో పాత మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ దేశం మొత్తానికీ ఒకే సిలబస్ పెడుతుంది. నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకోవడం. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. తర్వాత పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ. చివరికి మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల విభాగం. మొదటి ఏడాది పరీక్షను నాలుగు ప్రయత్నాల్లో గట్టెక్కాలి, మొత్తం కోర్సు తొమ్మిదేళ్లలో ముగించాలి. ఈ నిబంధనలు ఏ ఊరికీ సడలవు.

కాబట్టి లెక్చరర్‌గారి మాట కాగితం మీద నూటికి నూరుపాళ్లు కరెక్టు. మరి తేడా ఎక్కడ? సీటు దొరికే దారిలో ఒకటి, ఆసుపత్రి వార్డులో ఒకటి, ఆ తర్వాత పీజీలో ఒకటి. వాటిలో మొదటిదే ఎక్కువమందికి అర్థం కానిది.

250 సీట్లు అంటే మన పిల్లలకు ఎన్ని

కర్నూలు కాలేజీ 1950ల నాటిది. ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కాలమే అది. ఇప్పుడక్కడ 250 ఎంబీబీఎస్ సీట్లు. అనంతపురం కాలేజీ 2000లో మొదలైంది, సీట్లు 150. కడపలో 2006లో రిమ్స్‌గా మొదలైన కాలేజీలో 175.

ఈ అంకెలు పేపర్లో చూసి "కర్నూలులో వంద సీట్లు ఎక్కువ, సులువుగా వస్తుంది" అనుకుంటారు. సీట్లు ఎలా చీలుతాయో చూస్తే సంగతి తెలుస్తుంది.

ముందుగా 15 శాతం ఆల్ ఇండియా కోటాకు పోతుంది. ఆ సీట్లను ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ నింపుతుంది, దేశంలో ఎవరైనా రావచ్చు. కర్నూలు 250లో ఇది సుమారు 37. మిగిలిన సుమారు 213 రాష్ట్ర కోటా, వీటిని హెల్త్ యూనివర్సిటీ నింపుతుంది. ఈ 213లో 85 శాతం, అంటే దాదాపు 181, లోకల్ వాళ్లకు. మిగతా 32 అన్‌రిజర్వుడ్, అంటే లోకల్, నాన్ లోకల్ తేడా లేకుండా మెరిట్ ప్రకారం నిండేవి. ఆ 32లోనూ పైర్యాంకులున్న మన ప్రాంతం పిల్లలే కొన్ని తీసుకుంటారు గనుక, నాన్ లోకల్ అంటే అసలు సీటే రాదనడం తప్పు, ఆ 32 మొత్తం బయటివాళ్లకే అనుకోవడమూ తప్పు.

అనంతపురంలో ఇదే లెక్క: 150లో ఆల్ ఇండియాకు సుమారు 23, మిగిలిన 127లో లోకల్ 108, అన్‌రిజర్వుడ్ 19. ప్రతి భాగంలోనూ ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు, మహిళల కోటా మళ్లీ వర్తిస్తాయి. చివరికి ఒక బీసీ-బి అమ్మాయికి పోటీపడే సీట్లు రెండంకెల్లో చిన్న సంఖ్యకు దిగుతాయి. అందుకే "పోయినేడు ఫలానా ర్యాంకుకు కర్నూలు వచ్చింది" అన్న మాట, ఆ వచ్చినవారి కేటగిరీ, లోకల్ ఏమిటో తెలియకుండా వింటే పనికిరాదు. మా బావ ఫోనుకు వచ్చిన సలహాల్లో సగం ఇలాంటివే.

లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు

ఇక్కడే చాలామంది ఇళ్లలో పెద్ద ఆశ్చర్యం ఎదురవుతుంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, కాలేజీ సీట్ల కోసం రాష్ట్రాన్ని యూనివర్సిటీ ప్రాంతాలుగా విభజించారు. 2014లో ఉస్మానియా ప్రాంతం తెలంగాణతో వెళ్లిపోయాక మనకు మిగిలినవి రెండు: కోస్తా జిల్లాల ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, రాయలసీమ నాలుగు పాత జిల్లాలు, నెల్లూరు కలిసిన శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. వాడుకలో ఏయూ, ఎస్వీయూ అంటాం. అనంతపురం, కర్నూలు, కడప, తిరుపతి, నెల్లూరు కాలేజీలన్నీ ఎస్వీయూలోవే.

లోకల్ అన్నది ఆధార్ కార్డులోని చిరునామాను బట్టి తేలదు. ఎక్కడ చదివారన్నదే ముఖ్యం. ఇంటర్ పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతం లోకల్. అలా నాలుగేళ్లూ ఒకే ప్రాంతంలో లేకపోతే, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉన్న ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో అది.

మా మేనకోడలు పదో తరగతి దాకా అనంతపురంలో, ఇంటర్ విజయవాడ రెసిడెన్షియల్‌లో చదివింది. చివరి నాలుగేళ్లలో రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ. కాబట్టి ఏడేళ్ల లెక్కకు వెళ్లాలి: ఐదేళ్లు ఎస్వీయూ, రెండేళ్లు ఏయూ. ఆమె ఎస్వీయూ లోకల్.

అదే హాస్టల్లో ఆమె రూమ్‌మేట్ ధర్మవరం అమ్మాయి. తెలివైన పిల్ల అని తల్లిదండ్రులు ఎనిమిదో తరగతిలోనే విజయవాడ ఫౌండేషన్ కోర్సులో చేర్చారు. ఎనిమిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఐదేళ్లు వరసగా ఏయూ ప్రాంతంలోనే. కాబట్టి ఆమె ఏయూ లోకల్. ఇల్లు ధర్మవరంలోనే ఉంది, రేషన్ కార్డూ అక్కడే, కానీ అనంతపురం, కర్నూలు కాలేజీల్లో ఆమె నాన్ లోకల్. గుంటూరు, కాకినాడ, విశాఖల్లో లోకల్. ఒకే గదిలో చదివి, ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులు వచ్చినా, ఆ అమ్మాయికి "అనంతపురమా, కర్నూలా" అన్న ప్రశ్నే దాదాపుగా రాదు. ఆమె ముందున్నది "గుంటూరా, కాకినాడా". ఈ నిర్ణయం ఆమె తల్లిదండ్రులు ఐదేళ్ల కిందట, తమకు తెలియకుండానే తీసేసుకున్నారు.

ఈ విధానం మీద రెండు వాదనలున్నాయి. వెనకబడిన ప్రాంతం పిల్లలకు తమ ప్రాంతంలో వాటా దక్కాలన్నది మూల ఉద్దేశం, అది ఇప్పటికీ అవసరమేనన్నది ఒకటి. మంచి కోచింగ్ అంతా ఒకట్రెండు నగరాల చుట్టూ పోగైన ఈ రోజుల్లో, చదువు కోసం వలసపోయిన సీమ పిల్లల వాటా సీమలోనే తగ్గిపోతోందన్నది మరొకటి. నా మటుకు రెండోదాంట్లో బలం ఉందనిపిస్తుంది. అయినా నిబంధన ఉన్నంతకాలం ఆప్షన్లు దాని ప్రకారమే.

మంచాలెన్ని, పిల్లలెందరు

చిన్నాయన మాటకు వద్దాం. పేషెంట్లను చూడాలంటే కర్నూలే అన్నాడు. ఇందులో ఎంత నిజం?

కర్నూలు పెద్దాసుపత్రి పడకలు వెయ్యికి పైనే. కర్నూలు, నంద్యాల జిల్లాలే గాక, అనంతపురం, కడప, ప్రకాశం అంచుల నుంచి, అటు గద్వాల, అలంపురం నుంచి, ఇటు రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా జనం వస్తారు. పొద్దున ఎనిమిదింటికి ఓపీ గేటు దగ్గర నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ చెవిన పడతాయి. కార్డియాలజీ, న్యూరోసర్జరీ లాంటి సూపర్ స్పెషాలిటీ విభాగాలున్నాయి గనుక, చుట్టుపక్కల ఆసుపత్రుల్లో చేతకాని కేసు చివరికి ఇక్కడికే చేరుతుంది. పుస్తకంలో ఒక పేరా ఉండే అరుదైన జబ్బును కర్నూలు విద్యార్థి మంచం మీద చూసే అవకాశం ఎక్కువ.

అనంతపురంలో జిల్లా ఆసుపత్రే బోధనాసుపత్రి అయింది. ఇక్కడ రద్దీకి కొదవేమీ లేదు. జాతీయ రహదారి మీది యాక్సిడెంట్లు, పొలాల్లో పాము కాట్లు, పురుగుల మందు తాగిన కేసులు, కాన్పులు, బిడ్డల న్యుమోనియాలు. అయితే బాగా క్లిష్టమైనవి కొన్ని కర్నూలుకో, బెంగళూరుకో రెఫర్ అవుతాయి. బెంగళూరు 200 కిలోమీటర్ల చిల్లర. అంబులెన్సులు అటు తిరిగినప్పుడల్లా ఇక్కడి విద్యార్థి ఒక కేసు చూడకుండా మిగిలిపోతాడు.

ఇక్కడిదాకా చిన్నాయనదే పైచేయి. కానీ ఎన్ని పడకలున్నాయన్నది సగం లెక్కే. వాటి చుట్టూ ఎంతమంది నిలబడతారన్నది మిగతా సగం. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం 150 సీట్ల కాలేజీకి 605 పడకలు, 250 సీట్లకు 900 ఉండాలి. భాగించి చూడండి. మొదటిదాంట్లో సీటుకు నాలుగు పడకలు, రెండోదాంట్లో 3.6. పెద్ద కాలేజీ కనుక విద్యార్థి వాటా పెద్దదని లేదు. ఆపైన కర్నూలులో పీజీలు, అంటే ఎంబీబీఎస్ అయ్యాక స్పెషలిస్టు చదువు చదివే డాక్టర్లు, ఎక్కువ. మంచం పక్కన ప్రొఫెసర్, ఆయన వెనక అసిస్టెంట్, వాళ్ల వెనక ముగ్గురు పీజీలు, ఆ తర్వాత హౌస్ సర్జన్లు, అన్నిటికన్నా చివర ఎంబీబీఎస్ పిల్లలు. గుండె చప్పుడులో మర్మర్, అంటే ఉండకూడని శబ్దం, ఉందని సార్ చెప్పేది వినిపిస్తుంది, మర్మర్ వినిపించదు. స్టెత్ తన చేతికి వచ్చేసరికి పేషెంటుకు విసుగొచ్చి బనీను కిందికి లాక్కుంటాడు.

పీజీలు తక్కువున్న చోట సంగతి తిరగబడుతుంది. రాత్రి రెండింటికి క్యాజువాలిటీకి పురుగుల మందు కేసు వస్తే, స్టమక్ వాష్ ట్యూబ్ పట్టుకునేది హౌస్ సర్జనే. పక్కన పీజీ ఉంటే ఉంటాడు, లేకుంటే డ్యూటీ డాక్టరు దూరం నుంచే "ఎడమ పక్కకు తిప్పు, తల కిందికి" అంటుంటాడు. కుట్లు వేయడం, సెలైన్ ఎక్కించే కాన్యులా పెట్టడం, కాన్పు చేయించడం త్వరగా చేతికొస్తాయి. పెద్ద కాలేజీలో చదివిన మిత్రుడొకడు హౌస్ సర్జన్సీ ఏడాదిలో ఎక్కువ కాలం రక్తం శాంపిళ్లు ల్యాబుకు మోయడంతోనే గడిచిందని ఇప్పటికీ వాపోతుంటాడు. చిన్న కాలేజీలో చదివిన మరొకడు మాత్రం అన్నీ చేశాను గానీ, చేసింది తప్పా ఒప్పా చెప్పేవాళ్లు తక్కువయ్యారంటాడు. చూడటానికి పెద్దది, చేయడానికి చిన్నది అన్న నానుడి వైద్య విద్యార్థుల మధ్య ఊరికే పుట్టలేదు. అయితే అది కూడా విభాగాన్ని బట్టి, ఆ యూనిట్ చీఫ్‌ను బట్టి తారుమారవుతుంది.

ఇంకో సంగతి. కోస్తా నుంచి వచ్చిన విద్యార్థికి రెండు ఊళ్లలోనూ మొదటి ఆరునెలలు భాషే పరీక్ష. "రేత్రి నుంచి బేదులు అయితాండాయి, కడుపులో దేవుతాంది, తల తిప్పుతాంది సార్" అని పెద్దావిడ చెబుతుంటే కేస్ షీట్‌లో ఏం రాయాలో తెలియక పెన్ను ఆగుతుంది. మా మేనకోడలికి ఆ బాధ లేదు. కర్నూలుకు వెళితే కాస్త ఉర్దూ నేర్చుకోవాలి, అంతే.

ప్రొఫెసర్లు ఏ కాలేజీ సొత్తూ కాదు

"ఫలానా కాలేజీలో సర్జరీ సార్ అద్భుతం" అన్న మాటను కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. ప్రభుత్వ కాలేజీల అధ్యాపకులందరూ వైద్య విద్య డైరెక్టరేట్ కింద ఒకే శాఖ ఉద్యోగులు. ప్రమోషన్ వచ్చినా, బదిలీలు జరిగినా కర్నూలు నుంచి అనంతపురం, అనంతపురం నుంచి కడప తిరుగుతూనే ఉంటారు. 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఒకేసారి ఐదు కొత్త ప్రభుత్వ కాలేజీలు తెరిచినప్పుడు పాత కాలేజీల నుంచి కొందరు అక్కడికి వెళ్లారు. ఇప్పుడు చేరే పాప ఫైనల్ ఇయర్‌కు వచ్చేసరికి ఆ సర్జరీ సార్ ఎక్కడుంటారో ఆయనకే తెలియదు. ఖాళీలు మాత్రం అన్నిచోట్లా ఉన్న జబ్బే.

పాత కాలేజీకి నిలిచి ఉండేది మరొకటి: అక్కడ చదివి వెళ్లినవాళ్లు. దాదాపు డెబ్భై ఏళ్ల బ్యాచ్‌లు కర్నూలువి. హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఏ ఆసుపత్రిలో అడుగుపెట్టినా ఒక కేఎంసీ సీనియర్ తగులుతాడని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. పావుశతాబ్దపు అనంతపురానికి ఆ వలయం ఇప్పుడిప్పుడే అల్లుకుంటోంది. దీని విలువ ఎంత? పై చదువులకు సలహా కావలసినవాళ్లకు చాలా, ఊళ్లో నర్సింగ్ హోం పెట్టుకోవాలనుకునేవాళ్లకు కొంచెం.

ఖర్చు తేడా ఎక్కడ వస్తుంది

పాత ప్రభుత్వ కాలేజీల మధ్య ఫీజులో తేడా ఉండదు. తేడా హాస్టల్, మెస్సు, ప్రయాణాలదే. అనంతపురం నుంచి కర్నూలు గుత్తి, డోన్ మీదుగా 150 కిలోమీటర్ల లోపే, బస్సులో మూడు గంటలు. శనివారం క్లాసు అయ్యాక బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. విశాఖకో, కాకినాడకో వెళ్లేవాళ్ల దూరంతో పోలిస్తే ఇది దూరమే కాదు.

ఫీజు లెక్క అసలు మారేది కొత్త కాలేజీల్లో. 2023 జులైలో వచ్చిన 107, 108 జీవోల ప్రకారం ఆ ఐదు కొత్త ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లకు ఏడాదికి 15 వేలు, 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లకు 12 లక్షలు, 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు ఫీజు పెట్టారు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటును నాలుగున్నరేళ్లకు లెక్కేస్తే 54 లక్షలు. బోర్డు మీద "ప్రభుత్వ" అని ఉన్నంత మాత్రాన ఫీజు కూడా ప్రభుత్వ ఫీజే అనుకుంటే పొరపాటు. ఆప్షన్లలో కాలేజీ పేరుతో పాటు సీటు రకం కూడా ఎందుకు ముఖ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది. ఆదోని, పులివెందుల సహా నాలుగు కాలేజీలను మొదటి విడతగా పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య పద్ధతికి ఇవ్వాలన్న 2025 నిర్ణయం మీద రాజకీయంగా పెద్ద వాదమే నడిచింది. పెట్టుబడి త్వరగా వస్తుంది, కాలేజీలు త్వరగా పూర్తవుతాయన్నది ప్రభుత్వం మాట. పేద పిల్లల సీట్లు, ఉచిత వైద్యం ప్రైవేటు చేతికి పోతాయన్నది ప్రతిపక్షం మాట.

హౌస్ సర్జన్ల స్టైపెండు రెండు చోట్లా ఒకటే. 2022లో పెంచినప్పుడు అది నెలకు 22,527 రూపాయలైంది.

పీజీ దగ్గర మళ్లీ తెరుచుకునే లెక్క

ఎంబీబీఎస్‌తో చదువు ఆగిపోయే రోజులు పోయాయి. చేరిన నెలకే పీజీ గురించి మాట్లాడతారు. కాబట్టి "పీజీకి ఏ కాలేజీ ఉపయోగం" అన్న ప్రశ్న న్యాయమైనదే.

పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీలో కాలేజీ పేరుకు ఒక్క మార్కు కూడా లేదు. ప్రిపరేషన్ ఇప్పుడు ఎక్కువగా ఫోనులోని యాప్‌లలోనే, ఏ హాస్టల్లో కూర్చున్నా అవే వీడియోలు. ప్రభుత్వ కాలేజీల పీజీ సీట్లలో సగం ఆల్ ఇండియా కోటా, వాటికి ర్యాంకే ఆధారం. మిగిలిన సగం రాష్ట్ర కోటాలో మాత్రం లోకల్ లెక్క మళ్లీ వస్తుంది, అదీ ఒక మలుపుతో: ఈసారి చూసేది ఇంటర్ ఎక్కడన్నది కాదు, ఎంబీబీఎస్ ఎక్కడ చదివారన్నది. గుంటూరులో ఎంబీబీఎస్ చేసిన అనంతపురం అబ్బాయి పీజీ నాటికి ఏయూ లోకల్ అవుతాడు. కర్నూలులో చదివిన విజయవాడ అమ్మాయి ఎస్వీయూ లోకల్ అవుతుంది. రెండు ప్రాంతాల మధ్య ఎంచుకునేవాళ్లకు ఇది పెద్ద విషయం. అనంతపురం, కర్నూలు మధ్య ఎంచుకునే మా పాపకు ఏమీ కాదు, రెండూ ఎస్వీయూలోనే ఉన్నాయి గనుక. పీజీ గురించి ఫోను చేసినాయన అరగంట చెప్పినదంతా ఈ ఒక్క వాక్యంతో పక్కకు పెట్టేయొచ్చు.

దీనికో కొసరు ఉంది. నివాసం ఆధారంగా పీజీ మెడికల్ సీట్లలో రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న తీర్పు చెప్పింది. చదివిన సంస్థ ఆధారంగా కొంతమేర ప్రాధాన్యం ఇవ్వొచ్చంది. మన లోకల్ విధానం నిలబడింది రాష్ట్రపతి ఉత్తర్వుల మీద, పైగా చూసేది నివాసం కన్నా చదువును. కాబట్టి ఆ తీర్పు దీనికి వర్తించదని కొందరు, పీజీ స్థాయిలో మెరిట్ తప్ప మరేదీ ఉండకూడదన్నదే తీర్పు సారమని కొందరు. ఇప్పుడు చేరే బ్యాచ్ పీజీ పరీక్ష రాసేది ఐదున్నరేళ్ల తర్వాత. ఎంబీబీఎస్ ఫైనల్‌నే పీజీ ప్రవేశ పరీక్షగా మార్చే నెక్స్ట్ పరీక్ష కూడా 2019 చట్టంలో ఉండి వాయిదాలు పడుతూనే వచ్చింది. అప్పటి నిబంధనల్ని ఊహించి ఇప్పుడు ఊరు ఎంచుకోవడం, వానను నమ్మి వేరుశనగ వేసినంత పని. వేస్తాం, కానీ అప్పు చేసి కాదు.

ఆప్షన్ల వరసే అసలు నిర్ణయం

చివరి చిక్కు కంప్యూటర్‌ది. చాలామంది తల్లిదండ్రులు ఆప్షన్లను "ఏది వచ్చే అవకాశం ఉందో" అన్న వరసలో పెడతారు. రాదనుకున్నది కింద, వస్తుందనుకున్నది పైన. సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు అది కాదు. మెరిట్ వరసలో మన వంతు వచ్చినప్పుడు పై నుంచి కిందికి చూసుకుంటూ, ఖాళీ ఉన్న మొదటి చోట ఆగిపోతుంది. రాదనుకున్న కాలేజీని పైన పెట్టడం వల్ల కింది సీటుకు ఏ నష్టమూ రాదు. వచ్చేస్తుందని ఒకదాన్ని పైన పెడితే, దాని కింద ఉన్న మనకు నిజంగా ఇష్టమైన కాలేజీలో ఖాళీ ఉన్నా చూడదు.

రెండో విడతలో మరో మెలిక. అనుకుందాం, పాప కర్నూలు ఒకటి, అనంతపురం రెండు అని పెట్టింది. మొదటి విడతలో అనంతపురం వచ్చింది, చేరింది. తర్వాత ఆల్ ఇండియా కోటాలో సీట్లు వచ్చిన పై ర్యాంకు పిల్లలు కొందరు కర్నూలు సీట్లు వదిలేశారు. రెండో విడతలో ఆ ఖాళీ పాప దాకా వస్తే, ఆమె కర్నూలుకు మారిపోతుంది, అనంతపురం సీటు దానంతట అదే రద్దయి కింది ర్యాంకు వాళ్లకు పోతుంది. "రెండూ చూసి నిర్ణయించుకుందాం" అన్న వీలు లేదు. అలాగని వరస తిప్పి అనంతపురం ఒకటి అని పెడితే, అది వచ్చాక కర్నూలు ఊసే రాదు.

అంటే "కర్నూలు వస్తే ఇల్లు వదిలి పోతావా?" అన్న ప్రశ్నకు జవాబు సీటు వచ్చాక చెప్పేది కాదు, ఆప్షన్ పెట్టే రాత్రే చెప్పాలి. ఈ మాట అర్థమయ్యాక మా బావ ఇంకేం మాట్లాడలేదు. పన్నెండు దాటాక పాప వైపు తిరిగి, "నువ్వే చెప్పమ్మా, నేను రవాణా చూసుకుంటా" అన్నాడు. పాప కర్నూలును పైకి జరిపి సేవ్ కొట్టింది. చిన్నాయన చెప్పిన పేషెంట్ల లెక్క ఆమెను కదిలించిందో, హాస్టల్ మీది సరదానో నాకు తెలియదు, నేనడగలేదు.

మొదటి విడతలో అనంతపురమే వచ్చింది. చేరింది, ఆప్రాన్ కుట్టించుకుంది, పది రోజులు ఇంటి నుంచే టిఫిన్ డబ్బాతో కాలేజీకి వెళ్లొచ్చింది. పదకొండో రోజు రాత్రి రెండో విడత లిస్టు వచ్చింది. ఫోను వెలుతుర్లో పేరు వెతుక్కుని, పాప ఒక్క మాటే అంది: "నాయనా, మారింది."

జేజి మంచం మీద లేచి కూర్చుని అడిగింది. "కర్నూలంటే యాడ, గుత్తి దాటినాకనా? ఆదివారం పొద్దున పోతే సందేళకు తిరిగి రావచ్చునా?"